మీ మీటర్ బోర్డులో ఎడిసన్

ఈ పత్రికలో ‘ఫీజు’ అన్న మాట కనబడగానే మీ చెయ్యి ఫోన్ వైపు వెళ్లడం సహజం. కంగారు పడకండి. ఈ నెల మాట్లాడుకోబోయేది ఫీజు గురించి కాదు, ఫ్యూజు గురించి.

ఒక్కసారి మీ ఇంటి మీటర్ దగ్గరికి వెళ్లి చూడండి. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్‌లో వరుసగా మీటర్లు ఉంటాయి. సొంత ఇల్లయితే వరండా గోడకు ఉంటుంది. వీధి స్తంభం నుంచి వచ్చిన సర్వీసు వైరు ఇంట్లోకి అడుగుపెట్టే చోటు అదే. అక్కడ తెల్లటి పింగాణీ ఫ్యూజు ఉంటుంది. దాని మూత పట్టుకుని లాగితే ఊడివస్తుంది, లోపల రెండు స్క్రూల మధ్య ఓ సన్నని తీగ బిగించి ఉంటుంది. కొత్త ఇళ్లలో చాలాచోట్ల దాని పని ఎంసీబీ మీట చేస్తోంది. పాత ఎలక్ట్రీషియన్లు ఆ ఫ్యూజును కటౌట్ అంటారు. కటౌట్ అనగానే మనకు సినిమా హాలు ముందు నిలబడ్డ హీరో గుర్తొస్తాడు గానీ, ఈ కటౌట్‌కు పాలాభిషేకాలు ఉండవు. కరెంటు హద్దు మీరితే తాను కరిగిపోయి ఇంటిని లైన్ నుంచి విడదీయడమే దాని పని.

ఇలాంటి తీగను ప్రతి ఇంటి గుమ్మంలోనూ పెట్టాలని ఆలోచించి, 1880 మే 4న అమెరికాలో పేటెంటు పొందినవాడు థామస్ ఆల్వా ఎడిసన్. బల్బు కనిపెట్టినవాడని మన పిల్లలకు చెబుతాం. బల్బు కథలో స్వాన్ లాంటి వాళ్లకూ వాటా ఉంది, ఆ లెక్క వేరు. ఈ చిన్న తీగ వైపు నుంచి చూస్తే మాత్రం ఎడిసన్ జీవితం మీకు కాస్త వేరుగా కనిపిస్తుంది.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రంలోని మిలాన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఏడుగురు సంతానంలో చివరివాడు. ఆ ఊళ్లో అతని గురించి మిగిలిన జ్ఞాపకాల్లో మొదటిదే నిప్పు. ఆరేళ్ల వయసులో, ఏమవుతుందో చూద్దామని తండ్రి కొట్టంలో నిప్పు పెట్టాడు. కొట్టం కాలిపోయింది. తండ్రి శామ్యూల్ ఊరి కూడలిలో అందరూ చూస్తుండగా కొడుకును బెత్తంతో బాదాడు. ఆ రోజుల్లో పెంపకం అలా ఉండేది.

తర్వాత కుటుంబం మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌కు మారింది. అక్కడ బడిలో కొన్ని నెలలకు మించి ఉండలేదు. ఈ పిల్లాడి బుర్ర సరిగా లేదని మాస్టారు అనుకున్నాడు. నెలనెలా ఫీజు కడుతున్న మీకు స్కూలు పత్రికే ఈ సంగతి చెప్పడం కాస్త ఇబ్బందే. కానీ కథలో సగం చెప్పి ఊరుకుంటే తప్పు. బడి మానిపించిన తల్లి నాన్సీ అంతకుముందు తనే టీచరు. ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది, చేతికి భౌతికశాస్త్రం పుస్తకం ఇచ్చింది, అందులోని ప్రయోగాలు చేసుకోవడానికి నేలమాళిగ వదిలిపెట్టింది. చదువు మానేసి గొప్పవాడయ్యాడనే కథకు ఇక్కడ చోటు లేదు.

పన్నెండేళ్లకే పోర్ట్ హ్యూరన్ నుంచి డెట్రాయిట్ వెళ్లే రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మడం మొదలుపెట్టాడు. సామాను పెట్టెలో ఓ మూల సీసాలు పేర్చుకుని ప్రయోగాలు చేసేవాడు. అక్కడే చిన్న అచ్చుయంత్రం పెట్టి సొంత పేపరు కూడా వేశాడు. ఓ రోజు రైలు కుదుపుకు భాస్వరం కిందపడి పెట్టె అంటుకుంది. రైలు ఉద్యోగి మంటలార్పి, తర్వాతి స్టేషన్లో సీసాలతో సహా కుర్రాణ్ణి దింపేశాడు. ఇది నిప్పుతో రెండో పాఠం.

1862లో ఓ స్టేషన్ మాస్టారి మూడేళ్ల కొడుకును కదులుతున్న పెట్టె కింద పడకుండా లాగి కాపాడాడు. దానికి బదులుగా ఆ తండ్రి టెలిగ్రాఫ్ నేర్పాడు. అప్పటికే చెవులు సరిగా వినిపించని కుర్రాడికి టకటకల భాష బతుకుదెరువైంది. ఊరూరా రాత్రి డ్యూటీలు చేశాడు. లూయివిల్‌లో ఓ రాత్రి బ్యాటరీ యాసిడ్‌తో ప్రయోగం చేస్తుంటే అది ఒలికి, నేల చెక్కల సందుల్లోంచి కింది గదిలో ఉన్న అధికారి బల్ల మీద పడింది. ఆ ఉద్యోగం కూడా పోయింది. పదార్థాలు మన అదుపు తప్పినప్పుడు ఎటు పోతాయో ఈ మనిషికి పుస్తకాల కంటే ముందు అనుభవమే నేర్పిందని నాకనిపిస్తుంది.

1869లో మొదటి పేటెంటు వచ్చింది. చట్టసభల్లో ఓట్లు చకచకా లెక్కపెట్టే యంత్రం అది. అంత తొందరగా ఓట్లు తేలడం సభ్యులకే ఇష్టం లేకపోవడంతో ఎవరూ కొనలేదు. తర్వాత న్యూయార్క్, షేర్ల ధరలు అచ్చువేసే యంత్రాలు, నువార్క్‌లో ఫ్యాక్టరీ, 1871లో మేరీ స్టిల్‌వెల్‌తో పెళ్లి. మొదటి ఇద్దరు పిల్లలకు టెలిగ్రాఫ్ భాషలోని చుక్క, గీత గుర్తుగా డాట్, డాష్ అని ముద్దుపేర్లు పెట్టుకున్నాడు. 1876లో న్యూజెర్సీలోని మెన్లో పార్క్‌లో ప్రయోగశాల కట్టాడు. మరుసటి ఏడాదే ఫోనోగ్రాఫ్ కనిపెట్టి ముప్ఫై ఏళ్లకే లోకమంతా తెలిసిన పేరయ్యాడు.

1878 సెప్టెంబరులో కనెక్టికట్‌లో విలియం వాలేస్ అనే ఆయన వర్క్‌షాపులో ఆర్క్ దీపాలు చూశాక ఎడిసన్ బుర్రలో అసలు ఆలోచన మెదిలింది. కళ్లు చెదిరే ఆ దీపాలు వీధులకు పనికొస్తాయి, ఇంట్లో పెట్టుకోలేం. ఇళ్లకు కావలసినది చిన్న చిన్న దీపాలు. ఒకటి ఆర్పినా మిగతావి వెలుగుతూ ఉండాలి. సమస్య దాదాపు తీరిపోయినట్టే పేపర్లవాళ్లకు చెప్పేశాడు. గ్యాసు కంపెనీల షేర్లు పడిపోయాయి. నిజానికి ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏడాది పైన పట్టింది. గొప్పలు చెప్పుకోవడం ఆయనకు మొదటి నుంచీ ఉన్న అలవాటే.

ఇక్కడ ఒక్క చిన్న సైన్సు సంగతి వినాలి, ఫ్యూజు పుట్టింది దీనిలోంచే. ఒకటి ఆర్పితే మరొకటి ఆరకూడదంటే దీపాలన్నింటినీ రెండు తీగల మధ్య నిచ్చెన మెట్లలా కలపాలి. సమాంతరంగా కలపడం అని మీ పిల్లల పదో తరగతి పుస్తకంలో ఉంటుంది. రాగి తీగ మీద కోట్లు ఖర్చు కాకూడదంటే దీపంలోని తంతువుకు నిరోధం ఎక్కువ ఉండాలి. గణితం తెలిసిన ఫ్రాన్సిస్ అప్టన్ ఆ లెక్కలు వేశాడు. 1879 అక్టోబరులో మాడ్చిన నూలుదారంతో చేసిన దీపం గంటల తరబడి వెలగడంతో ఆ లెక్క నిలబడింది.

కానీ ఈ ఏర్పాటులోనే ఒక ప్రమాదం దాగి ఉంది. ఒక దీపం తీసుకునేది ఒక ఆంపియరు లోపే. అదే సమయంలో ఏ ఇంట్లోనైనా రెండు తీగలు పొరపాటున తాకాయనుకోండి, అక్కడ నిరోధం దాదాపు సున్నా. డైనమోలు పుట్టించే కరెంటంతా ఆ ఒక్క చోటికే దూకుతుంది. కరెంటు రెట్టింపయితే తీగలో వేడి నాలుగింతలు అవుతుంది, పదింతలయితే వందింతలు. గోడలోని తీగ ఎర్రగా కాలి చుట్టూ ఉన్న చెక్క, గుడ్డ అంటుకుంటాయి. అదే క్షణంలో చుట్టుపక్కల ఇళ్లలో దీపాలు మసకబారతాయి. అంటే, ఒక ఇంటి తప్పుకు వీధంతా శిక్ష పడుతుంది.

దీనికి ఎడిసన్ చెప్పిన ఉపాయం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. తీగ అంతటినీ గట్టిగా చేయడానికి బదులు, ప్రతి ఇంట్లోకి వెళ్లే తీగలో ఒక ముక్కను కావాలనే బలహీనంగా చేయమన్నాడు. ఆ ఇంటికి అవసరమైన కరెంటు అందులోంచి హాయిగా వెళ్తుంది. అంతకు మించితే అన్నిటికంటే ముందు అదే వేడెక్కి కరుగుతుంది. ఆ ఒక్క ఇల్లు చీకటవుతుంది, వీధి వెలుగుతూనే ఉంటుంది. పేటెంటులో మరో జాగ్రత్త కూడా రాశాడు. కరిగిన లోహపు చుక్కలు తివాచీ మీదా సామాను మీదా పడకుండా, ఆ ముక్క మీద లాగుడు పడకుండా, దాన్ని విద్యుత్తు ప్రవహించని గొట్టంలో ఉంచాలి. మీరు చూసిన పింగాణీ పెట్టె ఆ ఆలోచనకు వారసురాలే.

ఇదంతా ఆయనకు ఒక్కసారిగా తట్టింది కాదు. ఫ్రాన్స్‌లో బ్రెగే అనే ఆయన 1847లోనే, పిడుగుల నుంచి టెలిగ్రాఫ్ ఆఫీసులను కాపాడటానికి సన్నని తీగలు వాడమని సూచించాడు. టెలిగ్రాఫ్‌లో పెరిగిన ఎడిసన్‌కు ఆ పద్ధతి కొత్త కాదు. దాన్ని తెచ్చి ఇంటి గుమ్మంలో పెట్టడమే ఆయన చేసిన పని.

మెన్లో పార్క్‌లో దీపాలు చూడటానికి జనం రైళ్లలో వచ్చేవాళ్లు. ఆ గుంపులో ఒకసారి జరిగిన సంగతిని ఎడిసన్ మనుషులు తర్వాత చాలాకాలం నవ్వుతూ చెప్పుకున్నారు. పోటీ పక్షం ఎలక్ట్రీషియన్ ఒకడు కోటు లోపల లావాటి రాగి తీగ దాచుకుని వచ్చాడు. ఎవరూ చూడకుండా దాన్ని రెండు తీగలకూ తగిలిస్తే ప్రదర్శన అంతా చీకటి అయిపోతుందని అతని లెక్క. తగిలించాడు. నాలుగే దీపాలు ఆరిపోయాయి, మిగతా వందలాది దీపాలు ఏమీ జరగనట్టు వెలుగుతూనే ఉన్నాయి. నాలుగేసి దీపాలకు ఒక ఫ్యూజు ఉందని అతనికి తెలియదు.

అయితే ఫ్యూజు ఉన్నంతమాత్రాన అన్నీ సవ్యంగా జరిగిపోలేదు. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ కొత్త ఇంట్లో దీపాలు పెట్టారు. చిత్రాల గది గోడలకు సన్నని జరీ నేసిన పట్టుగుడ్డ అంటించి ఉంది. రెండు తీగలు ఆ జరీని తాకడంతో అది ఎర్రగా కాలి పొగలు లేచాయి. సమయానికి అక్కడే ఉన్న ఎడిసన్ వెంటనే యంత్రం ఆపించాడు గనక మంట ఆరిపోయింది. ఇంతకీ ఈ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందని ఆరాతీసిన ఇల్లాలికి, కింద నేలమాళిగలో బాయిలర్ ఉందని తెలిసింది. బాయిలర్ మీద కాపురం చేయనని ఆవిడ తేల్చిచెప్పడంతో దీపాలన్నీ పీకేయాల్సి వచ్చింది. ఆవిడ భయం ఆ రోజుకు సమంజసమే.

అందుకే ఎడిసన్‌కు ఊరి మధ్యలో ఒకే పవర్ స్టేషన్ కావాల్సి వచ్చింది. బాయిలర్ ఎవరి ఇంటి కిందా ఉండకూడదు, ఇంటికి వచ్చేది రెండు తీగలే. దక్షిణ మన్‌హాటన్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో 255, 257 నంబరు భవనాలు కొన్నాడు. స్తంభాల మీద కాకుండా వీధుల కింద కందకాలు తవ్వి, ఇనుప గొట్టాల్లో రాగి కడ్డీలు పెట్టి, చుట్టూ తారు లాంటి మిశ్రమం పోయించాడు. రాత్రిళ్లు తానే కందకాల దగ్గర ఉండేవాడు. ఈ పని చూడటానికి నగరపాలక సంస్థ ఐదుగురు ఇన్‌స్పెక్టర్లను వేసింది, జీతం మాత్రం ఎడిసన్ కంపెనీయే ఇవ్వాలి. వాళ్లు శనివారం జీతాల వేళకు తప్ప మరెప్పుడూ కనిపించలేదట. ఈ సంగతి చదివితే ఏ ఊరి గురించి చెబుతున్నారో ఒక్క క్షణం తికమక పడతాం.

భూమి కింది తీగలు ఇళ్ల సెల్లార్లలోకి వచ్చేవి. అక్కడే కటౌట్, దాని తర్వాత మీటరు. అంటే, మన అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ ఉన్న వరసే. మీటరు మాత్రం వింతగా ఉండేది. ఓ ద్రావణంలో రెండు జింకు పలకలు ఉండేవి, కరెంటు పారినకొద్దీ ఒక పలక నుంచి మరోదాని మీదకు జింకు చేరేది. కంపెనీ మనిషి వచ్చి పలకలు తీసుకెళ్లి తూచి బిల్లు వేసేవాడు. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా ఆ పెట్టెలోనే చిన్న దీపం పెట్టారు.

1882 సెప్టెంబరు 4, సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు పెర్ల్ స్ట్రీట్‌లో స్విచ్చి వేశారు. ఎడిసన్ ఆ సమయంలో స్టేషన్లో లేడు, డబ్బు పెట్టిన బ్యాంకరు మోర్గన్ ఆఫీసులో ఉన్నాడు. మొదటి రోజు వెలిగినవి నాలుగు వందల దీపాలు. 1884 నాటికి పదివేలు దాటాయి. కొన్నాళ్లకు ఓ వీధి మూలలో కరెంటు నేలలోకి లీకయి, అటుగా వెళ్లిన గుర్రాలు నాడాల కింద షాక్ కొట్టి ఎగిరిపడ్డాయి. మరమ్మతు అయ్యేదాకా జనం అక్కడ చేరి వేడుక చూశారు. భూమిలోకి లీకయ్యే కొద్దిపాటి కరెంటును ఫ్యూజు పట్టుకోలేదు. మనిషిని చంపడానికి అంత కొద్దిపాటి కరెంటూ చాలు. ఇప్పుడు మన ఇళ్లలో ఎంసీబీ పక్కన ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోవాల్సింది ఇందుకే.

ఆ తర్వాతి కథలో ఎడిసన్ అంత అందంగా కనిపించడు. వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏసీ కరెంటుతో దూరాలకు సరఫరా మొదలుపెట్టింది. ఎడిసన్‌ది డీసీ, మైలు దాటితే బలం తగ్గిపోయేది. సాంకేతికంగా ఓడిపోతున్న పోటీని ఆయన భయంతో గెలవాలని చూశాడు. ఏసీ ప్రాణాంతకమని ప్రచారం చేశాడు. 1888లో ఆయన ప్రయోగశాలలోనే కుక్కలను, దూడలను, ఒక గుర్రాన్ని ఏసీతో చంపి చూపించారు. 1890లో ఎలక్ట్రిక్ కుర్చీలో మొదటి మరణశిక్షను ఏసీతోనే అమలుచేశారు. భద్రత గురించి అంతగా ఆలోచించిన మనిషే ఆ మాటను వ్యాపారానికి ఆయుధం చేసుకోవడం నాకు మింగుడు పడదు. మీ ఇంటికి వస్తున్నది ఆయన వద్దన్న ఏసీయే. దాన్ని కాపలా కాస్తున్నది మాత్రం ఆయన ఫ్యూజే.

1884లో మేరీ చనిపోయింది. రెండేళ్లకు మైనా మిల్లర్‌ను పెళ్లాడాడు. ఆమెకు టెలిగ్రాఫ్ భాష నేర్పి, అరచేతి మీద వేలితో తట్టి పెళ్లి మాట అడిగాడట. పిల్లలతో గడిపిన సమయం తక్కువ. పెద్ద కొడుకు థామస్ జూనియర్ తన పేరును నాటుమందుల కంపెనీలకు అమ్ముకుంటే, ఆ పేరు వాడొద్దని తండ్రి డబ్బిచ్చి మాన్పించాల్సి వచ్చింది. 1,093 అమెరికా పేటెంట్ల లెక్క చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పుకోవాలి.

1914 డిసెంబరు 9 సాయంత్రం వెస్ట్ ఆరెంజ్‌లో ఆయన ఫ్యాక్టరీ అంటుకుంది. సినిమా ఫిల్ము ఉన్న భవనంలో మొదలైన మంట, నిప్పు అంటదని నమ్మి కట్టిన కాంక్రీటు భవనాల్లోకీ పాకింది. గోడలు చాలావరకు నిలబడ్డాయి గానీ లోపలి సామాను కాలిపోయింది. అప్పుడు ఆయనకు అరవై ఏడేళ్లు. మర్నాడే మళ్లీ కట్టే పని మొదలుపెట్టించాడు.

ఫ్యూజు కూడా మారుతూ వచ్చింది. 1924లో జర్మనీలో హ్యూగో స్టాట్జ్, కరిగిపోకుండా పడిపోయి మళ్లీ పైకెత్తగల మీటకు పేటెంటు తీసుకున్నాడు. మన ఎంసీబీ దాని వంశమే. కానీ పింగాణీ ఫ్యూజులు మన ఊళ్లలో ఇంకా లక్షల ఇళ్లలో ఉన్నాయి, వాటితో పాటు ఓ పాత అలవాటు కూడా ఉంది. ఎండాకాలం రాత్రి ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె కలిసి నడిచి ఫ్యూజు పోతుంది. పిల్లలు చీకట్లో అరుస్తారు, రేపు పరీక్ష. ఎవరో ఒకరు పాత వైరు చీల్చి, అందులోంచి మూడు నాలుగు రాగి పోగులు మెలేసి బిగించేస్తారు. లైట్లు వస్తాయి, ఇక ఫ్యూజు పోదు కూడా. ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో అన్నిటికంటే బలహీనమైన తీగ మీటర్ బోర్డులో ఉండదు, గోడలో ఎక్కడో, బహుశా పిల్లల గదిలో మంచం వెనక ఉంటుంది. వారాంతంలో తీరిక చేసుకుని మీ ఫ్యూజులో ఏ తీగ ఉందో ఒక ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మీటరుకు ముందున్న కటౌట్ మాత్రం విద్యుత్ సంస్థది, సీలు ఉంటుంది. దాని జోలికి వెళ్లకుండా లైన్‌మన్‌ను పిలవండి.

ఎడిసన్ 1931 అక్టోబరు 18న, 84 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంత్యక్రియల రోజున, అక్టోబరు 21న, దేశమంతటా ఒక్క నిమిషం పాటు కరెంటు ఆపేసి నివాళి అర్పించాలన్న ఆలోచన వచ్చింది. ఆసుపత్రులు, పంపులు, రైళ్లు అన్నీ అప్పటికే కరెంటు మీద బతుకుతున్నాయి. ఒక్క నిమిషం ఆపినా ప్రాణాలు పోతాయని ఆ ఆలోచన మానుకున్నారు. దానికి బదులు ప్రెసిడెంట్ హూవర్, వీలైనవాళ్లు తమ ఇంట్లో దీపాలు తామే ఆర్పమని ప్రజలను కోరాడు. ఆ రాత్రి పది గంటలకు లక్షలాది ఇళ్లలో ఎవరో ఒకరు లేచి వెళ్లి గోడ మీద స్విచ్చి నొక్కారు. నిమిషం తర్వాత మళ్లీ వేసుకున్నారు.